11,000 రూపాయల తీగ, మా నాన్న స్క్రూడ్రైవరూ

ఆఫీసులో ఎవడైనా వచ్చి "సర్వరూ మార్చాను, కోడూ మార్చాను, ఇప్పుడు స్పీడుగా ఉంది" అంటే మనం ఊరుకుంటామా? "ఏది మార్చడం వల్లరా బాబూ?" అని నిలదీస్తాం. అలాంటిది నేను ఇంట్లో సరిగ్గా ఆ పనే చేసి, పైగా అందరికీ చాటింపు వేసి మరీ చెప్పాను.

మా హాల్లో ఒక స్టీరియో ఆంప్లిఫయరూ, రెండు స్పీకర్లూ ఉన్నాయి. ఇల్లు మారినప్పటినించీ పాట ఎందుకో పల్చగా, బేస్ లేకుండా వినిపించేది. నెట్లో గంటలు గంటలు చదివి, 11,000 పోసి స్పీకర్ కేబుళ్ళు కొన్నాను. బిగించి పాట పెడితే... అబ్బ! మృదంగం గుండెల మీద వాయించినట్టుంది. గాయకుడి గొంతు రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో నిలబడింది. మర్నాడు ఆఫీసులో ఇదే ఊదరగొట్టాను. మా టీమ్‌లో ఒక కుర్రాడు, ఇంకా చదువుకి తీసుకున్న లోనే తీర్చుకుంటున్నవాడు, నా మాట నమ్మి క్రెడిట్ కార్డు మీద అవే కేబుళ్ళు కొనేశాడు.

తర్వాతి నెలలో మా నాన్న వచ్చారు. కరెంటు డిపార్టుమెంటులో పనిచేసి రిటైరైన మనిషి. ధర విని కాసేపు మాట్లాడలేదు. "తీగ సంగతి సరే, పాతదాని జాయింట్లు చూశావుట్రా?" అన్నారు. విప్పేముందు అలవాటుకొద్దీ ఫోన్లో ఫొటో తీసిపెట్టుకున్నాను, చూపించాను. కళ్ళజోడు సర్దుకుని ఒక్క నిమిషం చూశారు. "కుడిపక్క స్పీకరుకి ఎర్రదాంట్లో పెట్టాల్సింది నల్లదాంట్లో పెట్టావు కదరా!"

అదన్నమాట సంగతి. ఒక స్పీకరుకి ప్లస్సూ మైనస్సూ తారుమారైతే, ఒకదాని కోన్ ముందుకొస్తున్నప్పుడు రెండోదాని కోన్ వెనక్కి పోతుంది. లో ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బేస్ మాయం, మధ్యలో ఉండాల్సిన గొంతు చెల్లాచెదురు. కొత్త కేబుల్ పెట్టినప్పుడు నాకు తెలీకుండానే సరిగ్గా బిగించాను. తేడా నిజంగా వచ్చింది, కాకపోతే అది తీగ వల్ల కాదు.

అయినా నా అహం ఒప్పుకోలేదు. "సరే, పరీక్ష పెట్టండి" అన్నాను. పాత తీగ కొనలు కొత్తగా ఒలిచి, ఈసారి సరిగ్గా బిగించారు నాన్న. వాల్యూమ్ ముట్టుకోకూడదు. రవ్వంత ఎక్కువ వినిపించేదే బాగున్నట్టు అనిపిస్తుంది మన చెవికి. నేను పక్క గదిలో ఉంటే ఆయన ఆంప్లిఫయర్ ఆపి, బొమ్మా బొరుసూ వేసి ఏదో ఒక తీగ తగిలించేవారు. 12 సార్లు. నేను కరెక్టుగా చెప్పింది 7. గుడ్డిగా చెప్పినా 6 వస్తాయి కదా. కనీసం 10 వస్తేనే కాస్త నమ్మొచ్చు, ఊరికే ఊహించి చెప్పేవాడికి అన్ని రావడానికి 2 శాతం లోపే అవకాశం. తీగ మార్చడానికి పట్టే నిమిషంలో చెవి పాతది మర్చిపోతుందనే మాట నిజమే. కానీ నేను ఆఫీసులో చెప్పింది "సన్నని తేడా" అని కాదు, "ఆకాశానికీ భూమికీ తేడా" అని!

లెక్క చూసినా అంతే. మా పాతది 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. 3 మీటర్ల దూరం, పోనూ రానూ 6 మీటర్లు. రెసిస్టెన్స్ దాదాపు 0.07 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకరుకి నష్టం 0.1 డెసిబెల్ కూడా లేదు.

అలాగని తీగ ఏదైనా ఒకటే అనను. 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న తీగ 15 మీటర్లు లాగితే ఒక ఓమ్ పైనే అవుతుంది. స్పీకర్ ఇంపెడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది కాబట్టి, అప్పుడు పాట తీరే మారొచ్చు. ఆర్‌సీఏ కేబులుకి షీల్డింగ్ సరిగ్గా లేకపోయినా, ఎర్తింగ్‌లో లూప్ పడినా 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోత వస్తుంది. ఇవన్నీ కొలవగలిగే జబ్బులు, మందు కూడా చవకే. నా దృష్టిలో మిగిలిన డబ్బులతో ఒక మందపాటి తివాచీ, కిటికీలకి కర్టెన్లూ కొనడం మేలు. టైల్స్ వేసిన ఖాళీ హాలు పాటని చెడగొట్టినంతగా ఏ తీగా చెడగొట్టదు.

2007లో జేమ్స్ రాండీ, 7,250 డాలర్ల స్పీకర్ కేబుళ్ళకీ చవకవాటికీ తేడా చెవితో కనిపెడితే 10 లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. వాదనలైతే బోలెడు జరిగాయి గానీ, పరీక్ష మాత్రం జరగనేలేదు.

"నా డబ్బు, నా సరదా" అంటారా, నాకేం అభ్యంతరం లేదు. అందంగా ఉందని కొనుక్కోండి. నా బాధల్లా, నేను పరీక్షించకుండా ఇచ్చిన సర్టిఫికెట్‌కి ఇంకొకడు వడ్డీ కడుతున్నాడని.

సోమవారం వెళ్ళి ఆ కుర్రాడికి జరిగిందంతా చెప్పాను. సగం డబ్బులు ఇస్తానంటే తీసుకోలేదు. పైగా "లేదన్నా, నాకు నిజంగానే తేడా తెలుస్తోంది" అన్నాడు. సరిగ్గా నేనన్న మాటే :)

వచ్చే ఆదివారం వాళ్ళ రూముకి వెళ్తున్నాను. నాన్న స్క్రూడ్రైవరూ, ఒక రూపాయి బిళ్ళా పట్టుకుని.