హాపర్‌లో పోసే ముందు కొలుద్దాం

ఫిల్మ్ యూనిట్ల యజమానులకు, ఆపరేటర్లకు, రీప్రాసెస్ దానా తయారుచేసేవారికి విజ్ఞప్తి

బబుల్ ఊగితే వేడి తగ్గిస్తాం, గాలి పెంచుతాం, చివరికి ఆపరేటర్‌ను తిడతాం. హాపర్‌లో ఏం పోశామో మాత్రం అడగం.

ఎల్‌ఎల్ దానాతో ఫిల్మ్ గట్టిగా వస్తుంది, ఓ పట్టాన చిరగదు. కానీ కరిగాక దానికి పట్టు తక్కువ. దాని అణువుల గొలుసులకు పొట్టి కొమ్మలే ఉంటాయి కాబట్టి లాగితే జారిపోతాయి. ఎల్‌డీ గొలుసులకు పొడవాటి కొమ్మలుంటాయి, అవి ఒకదానికొకటి చిక్కుపడి బబుల్‌ను నిలబెడతాయి. అందుకే ఎల్‌ఎల్‌లో 20-30 శాతం ఎల్‌డీ కలిపితే బబుల్ కుదురుకుంటుంది, మోటారు మీద లోడూ తగ్గుతుంది. మోతాదు మించితే ఫిల్మ్ బలం పోతుంది.

అలాగని ఏది పడితే అది కలిపితే కుదరదు, కలిసేవి కొన్నే. పీపీఓ అనే ప్లాస్టిక్‌ను ఒంటరిగా కరిగించి అచ్చు పోయడం మహా కష్టం. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ దానికి పాలీస్టైరీన్ కలిపి 1960ల్లో నోరిల్‌గా అమ్మింది. ఆ రెండూ అణువుల స్థాయిలో కలిసిపోతాయి. పీపీ, పీఈ అలా కలవవు. ఎంత వేడి చేసినా నూనె, నీళ్లే. వాటి మధ్య అతుకు దగ్గరే ఫిల్మ్ చిరుగుతుంది. పైగా రెండూ నీళ్లలో తేలేవే, తొట్టిలో వేరుపడవు. తుక్కు ఏరేటప్పుడే విడదీయాలి. ఆ పని చేసే ఆడవాళ్లకు కూలి పెంచడం దండగ ఖర్చేమీ కాదు.

2022 ఈపీఆర్ నిబంధనలు 2025-26 నుంచి పల్చటి ప్యాకింగ్‌లో 10 శాతం రీసైకిల్ సరుకు ఉండాలన్నాయి, 2028-29 నాటికి 20 శాతం. గిరాకీ రానుంది. మన రీప్రాసెస్ బస్తాల మీద చూస్తే ఒక్క అంకె కూడా ఉండదు!

ప్రతి ఎస్టేట్‌లో ఉమ్మడిగా ఒక ఎంఎఫ్‌ఐ మెషీన్ పెట్టుకుందాం. పీఈని 190 డిగ్రీల వద్ద 2.16 కిలోల బరువు కింద ఉంచితే పది నిమిషాల్లో ఎన్ని గ్రాములు కారిందో అది చెబుతుంది. ఆ అంకె ఒక్కటే చాలదు. ఒకే ఎంఎఫ్‌ఐ ఉన్న ఎల్‌డీ, ఎల్‌ఎల్ బబుల్ దగ్గర వేరువేరుగా నడుస్తాయి. కాబట్టి బస్తా మీద రకం, ఎంఎఫ్‌ఐ, తేదీ మూడూ రాయాలి. హైదరాబాద్, విజయవాడల్లో సీపెట్ ఉంది, ఆపరేటర్లను అక్కడ శిక్షణకు పంపండి.

వచ్చే సంఘం సమావేశంలో వీటిని తీర్మానంగా పెట్టండి. మెషీన్‌కు మీ వాటా ఎంతో అక్కడే చెప్పండి.