భూతకాలానికి భయపడనేల?

“ ‘వాన కురిసింది’ – ఇది ఏ కాలమురా?” అని మాస్టారు అడిగారట. “వానాకాలమండీ” అన్నాడట శిష్యుడు. ఈ చతురోక్తి మన బడులలో ఏనాడు పుట్టిందో గాని, తెలుగు వ్యాకరణ పాఠం ఉన్నంత కాలమూ బ్రతికే ఉంటుంది. స్పెయిను దేశపు బడిపిల్లలకు కూడా ఇటువంటి నవ్వు ఒకటి ఉన్నదని ఈ మధ్యనే తెలుసుకొన్నాను.

మా మేనకోడలు హైదరాబాదులో స్పానిష్ నేర్చుకొంటున్నది. ఒకనాడు క్రియారూపాల పట్టికలు ముందు వేసుకొని, ఏడుపు ఒక్కటే తక్కువగా, “మామయ్యా, మీరు వ్యాకరణం చెప్పేవారు గదా, ఇదేమిటో చూడండి” అన్నది. ఆ భాష నాకు రాదు. ఆమెతో పాటు నేనూ ఓనమాలు దిద్దవలసి వచ్చింది. ఆ పాఠాల నడుమ పరిచయమైనవాడే హైమీతో. స్పెయినువారు అల్లరి పిల్లవాడి కథలన్నీ వీడి పేరనే చెప్పుకొంటారు. మెక్సికోలో, క్యూబాలో వీడే పెపీతో. పంతులమ్మ “వాన కురుస్తున్నది – ఇది ఏ కాలం?” అంటే, “చాలా చెడ్డ కాలమండీ” అంటాడు. ‘తియెంపో’ అన్న వారి మాటకు సమయమనీ, క్రియాకాలమనీ, వాతావరణమనీ అర్థాలున్నవి. మన ‘కాలం’ సమయమూ అవుతుంది, క్రియకు సంబంధించిన కాలమూ అవుతుంది, ఋతువూ అవుతుంది. అందుచేత ఇంగ్లీషులోకి దించితే చప్పబడిపోయే హాస్యం తెలుగులో చక్కగా నిలబడింది. పట్టికల ముందు మా అమ్మాయి మొదటిసారి నవ్వినది అప్పుడే.

హాస్యం వ్యాకరణ పాఠానికి పైపూత కాదని నా అభిప్రాయం. రెండు రూపాల నడుమ ఉన్న భేదం తెలిస్తేనే గాని ఛలోక్తికి నవ్వు రాదు. కనుక విద్యార్థి నవ్వాడంటే విషయం అందినదని ఉపాధ్యాయుడు నిశ్చయించుకోవచ్చు.

ఇద్దరు మిత్రులు హోటలులో భోజనం చేశారనుకోండి. మొదటి అక్షరాన్ని ఒత్తి ‘పాగో’ అంటే ‘నేను చెల్లిస్తాను’ అని అర్థం. చివరి అక్షరాన్ని ఒత్తి ‘పగో’ అంటే ‘అతడు చెల్లించాడు’ అని అర్థం. ఒత్తు ఒక్క అక్షరం జరిగేసరికి బిల్లు బల్లకు ఆవలి పక్కకు జరిగిపోయింది! ఇద్దరూ కలిసి ‘పగామోస్’ అన్నారో, చిక్కు మరీ పెద్దది. ‘చెల్లిస్తాము’ అన్నా అదే, ‘చెల్లించాము’ అన్నా అదే. డబ్బు ముట్టినదో లేదో హోటలువాడు పెట్టె తెరచి చూచుకోవలసిందే. ఈ కథ విన్న విద్యార్థి ఆ ఒత్తును అంత తేలికగా మరచిపోడు.

స్పానిష్‌లో జరిగిపోయిన పనిని చెప్పే రూపాలు పలువిధాలు. విద్యార్థిని ఎక్కువగా తికమక పెట్టేవి రెండు. ‘ఫువే’ అంటే వెళ్ళాడు. ‘ఇబా’ అంటే వెళ్ళేవాడు, లేదా వెళ్తూ ఉండినాడు. మా అమ్మాయి ఒక కథ వ్రాస్తూ, రాజు చనిపోయాడని చెప్పడానికి ‘మురియో’ అనవలసిన చోట ‘మొరీయా’ అన్నది. దానిని నేను తెలుగులో చదివాను: “రాజు చనిపోతూ ఉండేవాడు.” చదివి, “ఎన్నాళ్ళకొకసారి, అమ్మాయీ?” అన్నాను. పకపక నవ్వి తానే దిద్దుకొన్నది. ఇంగ్లీషులో ‘వెంట్’ అన్న ఒక్క రూపమే తరచు రెండు పనులకూ చాలుతుంది గనుక, ఆ దారిన వచ్చినవారికి ఈ భేదం కొత్త. ‘వెళ్ళాడు’, ‘వెళ్ళేవాడు’ అని పసితనం నుంచీ పలికే మనకు ఇందులో కొత్త ఏమున్నది? 1847లో చిలీ దేశంలో తన వ్యాకరణాన్ని ప్రకటించిన ఆంద్రేస్ బెల్యో, గతంలో మరొక దానికి తోడుగా నడిచే ఈ రూపానికి ‘కోప్రెతేరితో’ అని పేరుపెట్టాడు. తెలుగు చేస్తే ‘సహభూతం’. “ఒక భూతం చాలక, దానికి తోడొకటా?” అన్నది మా అమ్మాయి. ఆ పేరు ఇక ఆమె మరువదు.

నవ్వులాటతో శాస్త్రం పలచబడుతుందని పెద్దలు కొందరు అనవచ్చును. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం వల్లించి పెరిగినవాణ్ణి; సూత్రం విలువ నేనెరుగుదును. నవ్వు ఏ పట్టికనూ కంఠస్థం చేసిపెట్టదు. వల్లించక తప్పదు. కాని దానిని ఎందుకు వల్లించాలో నవ్వు చెప్పగలదు.

అయితే తరగతిలో అన్ని నవ్వులూ మంచివి కావు. చాలా ఏళ్ళ క్రిందట నా విద్యార్థి ఒకడు ‘రాజు చాయెను’ అని వ్రాశాడు. ‘చచ్చెను’ అనవలె. నేను దానిని పైకి చదివి, “రాజుగారిది ఏ చాయరా? ఎరుపా, నలుపా?” అన్నాను. తరగతి గొల్లుమన్నది. నా చమత్కారానికి నేనే మురిసిపోయాను. ఆ పిల్లవాడు ఆ ఏడాది పొడుగునా మరి లేచి సమాధానం చెప్పలేదు.

స్పానిష్ పసిపిల్లలు ‘నాకు తెలుసు’ అనడానికి ‘సే’ అనవలసి ఉండగా ‘సాబో’ అంటారట. తక్కిన క్రియలకు చెల్లే సూత్రాన్ని దీనికీ పట్టిస్తారన్నమాట. అది తెలిసిన రోజున నాకు ఆ పిల్లవాడు జ్ఞాపకం వచ్చాడు. పోవుకు ‘పోయెను’ అయినప్పుడు, చావుకు ‘చాయెను’ ఏల కాకూడదు? వాడు రూపం తప్పినా పోలిక పట్టుకొన్నాడు. ముందు దానిని మెచ్చుకొని, ఆ తరువాత దిద్దవలసింది. మేనకోడలి కథలో నవ్వులపాలైనవాడు రాజు. నా తరగతిలో నవ్వులపాలైనవాడు విద్యార్థి. ఆ ఒక్కనాడే అట్లా నవ్వానని చెప్పుకోగలిగితే బాగుండును. ‘నవ్వేవాణ్ణి’ అనడమే సత్యం.

ఉపాధ్యాయ మిత్రులారా, క్రియారూపాలు చెప్పే రోజున, తప్పు పలికితే వింత అర్థం వచ్చే వాక్యాలు నాలుగు వెంట తీసుకొనివెళ్ళండి. మొదటి తప్పు మీరే చేసి చూపండి. విద్యార్థులారా, మీ తప్పును మీరే మాతృభాషలోకి మార్చి చదువుకొని చూడండి. నవ్వు వస్తే, సగం పాఠం వచ్చినట్లే. తక్కిన సగానికి పట్టిక ఉండనే ఉన్నది.