స్కానింగ్ అనే ఒక్క మాట

"మాటలతో పనేముంది, అర్థమైతే చాలును" అని వాదించే బ్లాగ్మిత్రులు చాలామందే ఉన్నారు. ఈ టపా వారికోసమే. నేను చర్చకు తీసుకొంటున్నది కావ్యభాషను కాదు, గర్భిణి చేతికి వైద్యులిచ్చే చీటీలోని మాటను. తెలుగునాట దాని పేరు స్కానింగ్.

కడుపుమీద జెల్ పూసి చేసే పరీక్షలో ఉన్నవి అతిధ్వనులు. చెవికందని ఆ శబ్దం లోపల తగిలి మరలివస్తే, ఆ ప్రతిధ్వనియే తెరమీద బొమ్మ అవుతుంది. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో లోకానికి వెల్లడించిన పద్ధతి ఇది. ఎమ్మారై అయస్కాంతంతో, రేడియో తరంగాలతో పనిచేస్తుంది. సీటీ అట్లా కాదు. అది అచ్చంగా ఎక్స్‌రేయే. పైగా చుట్టూ తిరుగుతూ తీసే ఎన్నో ఎక్స్‌రేలు. పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి ఈ కిరణాలకే ఉన్నది. అన్నిటికీ మనం పెట్టిన పేరు మాత్రం ఒక్కటే. తెల్లనివన్నీ పాలనుకోవడమంటే ఇదే కాదా?

"మొదటి కాన్పులో నాలుగుసార్లు స్కానింగ్ తీశారు, ఏమైంది?" అనే ధైర్యంతో, నెల తప్పిన సంగతి చెప్పకుండానే పొత్తికడుపు సీటీకి సిద్ధపడే స్త్రీ ఒకతె. ఎక్స్‌రే అనగానే బెదిరి, న్యుమోనియాతో ఆయాసపడుతూ కూడా ఛాతీ ఫొటో వద్దనే ఇల్లాలు మరొకతె. ఛాతీ ఎక్స్‌రేలో గర్భస్థశిశువుకు చేరేది 0.01 మిల్లీగ్రేకు మించదు. కటిభాగపు సీటీలో అది 10 నుంచి 50 దాకా ఉండవచ్చు. వెయ్యి రెట్ల తేడాను మింగివేసిన మాటను "అర్థమైతే చాలు" అంటారా? అర్థమైనదెవరికి?

భయం వట్టిదని కొట్టివేయను. గర్భిణులకు తీసిన ఎక్స్‌రేలకూ, వారి పిల్లలకు వచ్చిన క్యాన్సర్లకూ సంబంధమున్నదని ఆక్స్‌ఫర్డ్‌లో ఆలిస్ స్టూవర్ట్ 1956లో చెప్పినప్పుడు వైద్యలోకం చాలాకాలం నమ్మలేదు. ఆమె ఆ సంగతి రాబట్టింది యంత్రంతో కాదు, తల్లులను అడిగి. కాని అతిభయమూ ప్రాణాంతకమే. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తరువాత ఎంతో దూరాన ఉన్న గ్రీసులో, సోకిన మోతాదు అత్యల్పమైనా, ఎందరో గర్భిణులు భయంతో గర్భస్రావం చేయించుకొన్నారు. 100 మిల్లీగ్రేల లోపు మోతాదు గర్భస్రావానికి కారణం కారాదని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2000లో స్పష్టంగా చెప్పింది. ఈ ముక్క మన ఊళ్లలో ఎవరు, ఏ భాషలో చెప్పాలి?

చట్టం అడిగితే తెలుగు వస్తుంది. లింగనిర్ధారణ నిషేధమన్న బోర్డు స్థానిక భాషలోనూ ఉండాలని 1994 చట్టం కింది నిబంధనలు కోరాయి గనుక, ప్రతి స్కానింగ్ కేంద్రంలోనూ అది తెలుగులో వేలాడుతున్నది. మా పట్టణంలోని ఒక కేంద్రంలో, ఆ బోర్డుకు పది అడుగుల దూరాన, ఎక్స్‌రే గది తలుపుమీద గర్భిణులకు పెట్టిన హెచ్చరిక మాత్రం ఇంగ్లీషులోనే, అదీ చీమతలకాయంత అక్షరాలలో!

"పంతులుగారూ, అతిధ్వని చిత్రణమంటే ఎవరికి తెలుస్తుంది?" అని నవ్వుతారని తెలుసు. సంస్కృత సమాసాలు రుద్దమనడం లేదు. (పాఠాలలో చెప్పిన క్షకిరణం ఎప్పుడో కాలం చేసింది.) స్కానింగ్‌ను ఉండనివ్వండి, ముందొక తెలుగు ముక్క చేర్చండి: ధ్వని స్కానింగ్, అయస్కాంత స్కానింగ్, కిరణాల స్కానింగ్. ఇక తలుపుమీద: "అమ్మా, నెల తప్పిందేమోనన్న అనుమానమున్నా ముందే చెప్పండి." ఇంతకంటె మంచి మాటలు తోచినవారు వ్యాఖ్యలలో వ్రాయగలరు.