పట్నంలో బస

చేవెళ్ల చౌరస్తాలో బస్సు కొరకు నిలుచున్న విద్యార్థి నెవరినైనా అడగండి, పట్నంలో ఎక్కడ దిగుతావని. తడుముకోకుండా "మెహిదీపట్నం" అంటాడు. రాత్రి ఎక్కడ ఉంటావని అడగండి. అక్కడ మాట నెమ్మదిస్తుంది. "మేనమామ ఉన్నాడు సార్", "దోస్తు రూము ఉన్నది", "పోయినంక చూడాలె". ఏ పరీక్ష వ్రాయాలో ఆరు నెలల ముందే నిర్ణయించుకునే మనం, ఆ పరీక్ష ముందటి రాత్రి ఏ బస్తీలో తల వాల్చాలో మాత్రం బస్సెక్కిన తరువాతనే ఆలోచిస్తాం. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఈ చిన్న విషయం వద్దనే మన పిల్లల చదువులు కొన్ని ఆగిపోతున్నవని ఎరిగినవాడిని గనుక నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందుగా నా కథ. ముప్పై ఏళ్ల కిందట ఉపాధ్యాయ శిక్షణ ప్రవేశ పరీక్షకు పట్నం పోయినాను. పరీక్షా కేంద్రం సికింద్రాబాదుకు అవతల. మా పెద్దమ్మ గారి ఇల్లు శాలిబండలో. సొంతవారుండగా మరొక చోట దిగడం మా ఇంట ఊహకైనా రాని మాట. ఆ రాత్రి పెద్దమ్మ కొసరి కొసరి వడ్డించింది; పెదనాన్న గారు అర్ధరాత్రి వరకు మా ఊరి భూముల సంగతి అడిగినారు; పిల్లలు చార్మినారు చూపిస్తామని చేయి పట్టి లాగినారు. తెల్లవారి బస్సెక్కితే అఫ్జల్‌గంజ్ దాటేసరికే ఎండ ఎక్కింది. నేను చేరేసరికి గేటు మూసినారు. ఒక సంవత్సరం పోయింది. పెద్దమ్మ ప్రేమలో ఏ లోపమూ లేదు. ఆ ఉదయపు పనికి ఆ బస్తీ తగదు, అంతే. పరీక్ష ముగిసిన సాయంకాలం అదే శాలిబండకు పోయి ఉంటే, దానికంటె మంచి బస నాకు హైదరాబాదులో మరొకటి ఉండేది కాదు.

కనుక "పట్నంలో మంచి బస్తీ ఏది?" అని అడిగేవారికి నేను ఎదురు ప్రశ్న వేస్తాను: రేపు ఉదయం నీ పని ఎక్కడ? ఆ పని ముగిసి ఇల్లు చేరే బస్సు ఎక్కడ? ఈ రెంటికీ మధ్య ఉన్న బస్తీయే నీకు మంచిది. దానికి పేరుండనీ, లేకపోనీ.

ఈ బుద్ధి కొత్తది కాదు. గోల్కొండకు చేరువలో, నేటి టోలీచౌకీకి కూతవేటు దూరాన, షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి నేటికీ నిలిచి ఉన్నది. బాటసారులకు గదులు, పశువులకు కొట్టాలు, ప్రక్కనే మసీదు. తూర్పున మచిలీపట్నం బాట మీద హయాత్ బక్షీ బేగం పేరున వెలసిన హయాత్‌నగర్‌లో మసీదు ఆవరణ చుట్టూ సరాయి గదులు కట్టినారు. తరువాత రైలు వచ్చింది. ఏడవ నిజాము కాలంలో, 1919లో, నాంపల్లి రైలు స్టేషనుకు ఎదురుగా మరొక సరాయి లేచింది. ఈ మూడింటినీ కలిపి చూడండి. పడమటి నుంచి వచ్చేవానికి పడమటి వాకిట, తూర్పు నుంచి వచ్చేవానికి తూర్పు వాకిట, రైలు దిగినవానికి రైలు ముంగిట. ఏ పాలకుడూ బాటసారిని బడలికతో నగరం నడిబొడ్డుకు నడవమనలేదు.

మన వాకిలి ఏది? మెహిదీపట్నం. చేవెళ్ల నుంచి సుమారు 40 కిలోమీటర్లు. మొయినాబాదు నుంచి అందులో సగానికి కొంచెం ఎక్కువ. మన మండలాల పూలు గుడిమల్కాపూర్ అంగడికీ, కూరగాయలు మెహిదీపట్నం రైతుబజారుకూ పోతాయి. నీళ్లు కూడా ఆ వైపే పోతాయి సుమండీ. ఉస్మాన్‌సాగర్ కట్టిన మూసీ, హిమాయత్‌సాగర్ కట్టిన ఈసీ, రెండూ లంగర్‌హౌజ్ వద్ద బాపూఘాట్‌లో కలుస్తాయి. మన పూలూ, నీళ్లూ ఎరిగిన దారిని మన విద్యార్థి ఎందుకు విడిచిపెట్టాలి?

మెహిదీపట్నం అందమైన బస్తీ అని నేను చెప్పబోను. రణగొణ ధ్వని, హారన్లు, పొగ. 2009లో ప్రారంభించిన పీ.వీ. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గం నెత్తిన నుంచి పోతుంది. దాని క్రింద ఇళ్లకు చిరునామా అడిగితే వీథి పేరు చెప్పరు, స్తంభం నంబరు చెబుతారు. 2017లో నడక ఆరంభించిన మెట్రో రైలు మార్గాలు ఆ వైపు రాలేదు. అయినా అక్కడ నిలుచుంటే చార్మినారుకు, సికింద్రాబాదుకు, గచ్చిబౌలికి బస్సు దొరుకుతుంది. సరోజినీదేవి కంటి ఆసుపత్రి అక్కడికి దగ్గర. మురాద్‌నగర్, హుమాయూన్‌నగర్, ఆసిఫ్‌నగర్ గల్లీలలో ఉర్దూ మాట్లాడేవారికీ, తెలుగు మాట్లాడేవారికీ గది దొరుకుతుంది. ఇంటి భోజనానికి దగ్గరగా ఉండే భోజనమూ దొరుకుతుంది.

అందరూ అక్కడే ఉండాలని కాదు. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికో, ఇంటర్వ్యూకో పోయేవారికి టోలీచౌకీ, షేక్‌పేట మేలు. ఖర్చు కొంత ఎక్కువే కాని ఉదయం ప్రయాణం తగ్గుతుంది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయంలో పని ఉన్నా, హజ్ హౌస్‌లో పని ఉన్నా, నీలోఫర్‌లో బిడ్డను చేర్చినా, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి తల్లిని తీసుకుపోయినా నాంపల్లిలోనే దిగాలి. రోగి తోడుగా పోయేవానికి ఒక్క కిలోమీటరు కూడా పెద్ద దూరమే. కాని నాంపల్లి లాడ్జిలలో గది చూడకుండా డబ్బు కట్టవద్దు. ఏటా జనవరి ఒకటిన నుమాయిష్ మొదలైన తరువాత ఆ చుట్టుప్రక్కల రాత్రి తొందరగా నిద్రపోదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అమీర్‌పేటను గురించి ఎక్కువ చెప్పను. కోచింగుకు పోయేవారికి దాని సంగతి నాకంటె బాగా తెలుసు. రెండు మెట్రో మార్గాలు అక్కడ కలుస్తాయి. అది మాత్రం నిజమైన సౌకర్యం. గదికి ఆరు మంచాలు వేయడం సౌకర్యం కాదు.

పాతబస్తీని ప్రేమించేవాళ్లలో నేనొకణ్ణి. రంజాన్ రాత్రులలో పత్థర్‌గట్టీ నుంచి చార్మినారు వరకు నడిచిన వాడెవడూ దానిని మరువలేడు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, కోఠీలో పాత పుస్తకాల దుకాణాలు. ఇవి చూడని డిగ్రీ విద్యార్థికి చదువు సగమే అయినట్లు. వాటి కొరకు ఒక సెలవు దినం కేటాయించండి. పరీక్ష ముందటి రాత్రి మాత్రం వద్దు.

"అసలు బస ఎందుకు? తెల్లవారుజాము బస్సెక్కితే సరిపోదా?" అని తండ్రులు కొందరు అడుగుతారు. మామూలు రోజున సరిపోతుంది. మనలో చాలామంది అట్లాగే చదువుకున్నాం. కాని 2025 నవంబరు 3వ తేదీ ఉదయాన్ని ఈ ప్రాంతం మరువదు. తాండూరు నుంచి పట్నం పోతున్న ఆర్టీసీ బస్సును మన చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఢీకొన్నది. పోయినవారిలో విద్యార్థినులున్నారు, ఆదివారం ఇంట గడిపి సోమవారం కళాశాలకు తిరిగి పోతున్నవారు. ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని నా వాదనకు ఊతగా తీసుకోవడం నాకు ఇష్టం లేదు. పగలు పోయినా, ముందు రోజు పోయినా ఆ దారి ఆ దారే. మర్రిచెట్ల నడుమ సాగే ఈ బాటను బాగుచేయించే బాధ్యత ప్రభుత్వానిది. నేను చెప్పేది ఇంతవరకే: ముఖ్యమైన పని ఉన్ననాడు గంటకు గంట లెక్క కట్టి, తొందరలో, నిద్రమత్తులో, క్రిక్కిరిసిన బస్సులో పోవలసిన అవసరం మన పిల్లలకు లేకుండా చూడవచ్చు.

ఇక ఆడపిల్లల సంగతి. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే. మన కళాశాలలో మంచి మార్కులతో గట్టెక్కిన అమ్మాయిలు పై చదువుకు ఎందుకు పోలేదని అడిగితే, ఫీజు అని చెప్పేవారి కంటె "అక్కడ ఎక్కడుంటది సార్?" అని అడిగేవారినే నేను ఎక్కువగా చూసినాను. ఆ ప్రశ్నలో భయమున్నది. నేను దానిని తప్పు పట్టను. అబ్బాయి ఎక్కడైనా సర్దుకుంటాడు, అమ్మాయికి చోటు చూడాలి. చోటు చూసే తీరిక తండ్రికి లేదు, కనుక అమ్మాయి పోదు. ఆమె తెలివికీ ఆమె ఇంటి బీదతనానికీ సంబంధం లేకుండానే ఆమె చదువు ఇంటి వాకిట ఆగిపోతుంది.

పెద్దలు ఆడపిల్లకు బస చూడబోతే సాధారణంగా నిశ్శబ్దంగా ఉండే కాలనీని వెదుకుతారు. నా అభిప్రాయం దీనికి వ్యతిరేకం. సద్దుమణిగిన కాలనీలో రాత్రి ఎనిమిదింటికి వీథి నిర్మానుష్యమవుతుంది. బస్సు దిగి పావుగంట ఒంటరిగా నడవాలి. మెహిదీపట్నం గల్లీలో ఇషా నమాజు తరువాత కూడా పాల దుకాణం తెరిచే ఉంటుంది, మందుల దుకాణం తెరిచే ఉంటుంది, బుర్ఖాలలో తల్లులు పిల్లల చేయి పట్టుకొని కూరగాయలు కొంటూ ఉంటారు. అక్కడి రద్దీయే కాపలా. కనుక బస చూడబోయే తండ్రి పగటి పూట పోరాదు. రాత్రి ఎనిమిదిన్నరకు బస్సు దిగి, కూతురు నడవబోయే దారిని తాను నడవాలి. త్రోవలో ఎందరు ఆడవాళ్లు ఎదురైనారో లెక్కపెట్టుకోవాలి. ఇంటి యజమానురాలితో తల్లి మాట్లాడాలి. అద్దె సంగతి తరువాత.

ఈ లెక్క మన పట్నానికే పరిమితం కాదు. 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి దూరదేశాలు మన మండలాలకు దగ్గరైనవి. వీసా కొరకు నగరమంతా మన చిలుకూరు బాలాజీ గుడికి వచ్చి ప్రదక్షిణలు చేసి పోతుంది. వారెవరికీ ఇక్కడ బస అక్కరలేదు, సాయంత్రానికి ఇల్లు చేరుతారు! మన పూర్వ విద్యార్థి ఒకడు ఉద్యోగం పని మీద థాయిలాండు రాజధాని బ్యాంకాక్ పోతూ, అక్కడ మంచి పేట ఏదని నన్నడిగినాడు. నేను పోయి చూసినవాణ్ణి కాను, కాని పటం ముందుంచుకొని ఇద్దరం చూసినాం. అక్కడ సువర్ణభూమి విమానాశ్రయం నుంచి వచ్చే రైలు ఫయా థాయ్ అనే చోట ఆగిపోతుంది; నగరంలో పైన నడిచే రైలు అక్కడే ఎక్కవచ్చు. ఆ ప్రాంతం రాచథేవి. దానికి దగ్గరగా సాన్ సాప్ కాలువ, కాలువ ఒడ్డున బాన్ క్రువా అనే ముస్లిం బస్తీ. ఒకప్పుడు కంబోడియా వైపు నుంచి వచ్చి స్థిరపడిన చామ్ ప్రజల పేట, పట్టు నేతకు పేరుగన్నది. మసీదు దొరుకుతుంది, హలాల్ భోజనం దొరుకుతుంది, తిరుగు ప్రయాణానికి రైలు దగ్గర. నది గాలి కావాలంటే హారూన్ మసీదున్న బాంగ్ రాక్, బట్టల అంగడి చూడాలంటే పాహురాత్, అరబ్బుల భోజనశాలలు కావాలంటే సుఖుంవిత్‌లో నానా. పని ఏదో చెప్పుకుంటే పేట దానంతట అదే తేలింది. అతడు రాచథేవిలో దిగినాడు. "సార్, ఇది బ్యాంకాక్ మెహిదీపట్నం" అని ఉత్తరం వ్రాసినాడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. పట్నంలో మన పిల్లలకు వసతి గృహం కట్టించగలిగితే అంతకంటె కావలసినదేమున్నది? కాని స్థలం, విరాళాలు, అనుమతులు. అది ఏండ్ల మీది మాట. అంతవరకు ఆఫీసు గదిలో ఒక రిజిస్టరు ఉంచండి. ఒక ప్రక్క ఉర్దూ, ఒక ప్రక్క తెలుగు. పట్నంలో బస చేసి వచ్చిన ప్రతి విద్యార్థీ, విద్యార్థినీ అందులో వ్రాయాలి: ఏ బస్తీ, బస్సు స్టాపు నుంచి ఎన్ని నిమిషాల నడక, రాత్రికి ఎంత తీసుకున్నారు, నీళ్లెట్లా, యజమాని మాట తీరెట్లా, మళ్లీ పోతారా పోరా. చెడును కూడా దాచకుండా వ్రాయాలి. పరీక్షల కాలానికి ముందు ఉపాధ్యాయినులలో ఇద్దరు పోయి ఆ చోట్లు చూసి రావాలి. వారి బస్సు ఛార్జీలు కమిటీ భరించాలి. రిజిస్టరు ఖరీదు వంద రూపాయలకు మించదు. అమ్మాయి తండ్రి వచ్చి "ఎక్కడుంటది సార్?" అని అడిగిన నాడు మాటలతో సరిపుచ్చకుండా పుస్తకం తెరిచి చూపవచ్చు.

మొదటి పుట నేను వ్రాసి ఇస్తాను. మా మేనకోడలు ఉన్న ఇల్లు మురాద్‌నగర్‌లో. బస్సు దిగి ఏడు నిమిషాల నడక, దారిలో రెండు మందుల దుకాణాలు, ఒక రొట్టెల బట్టీ. నీళ్లు ఉదయం రెండు గంటలు. రాత్రి తొమ్మిదింటికి గేటుకు తాళం. ఆలస్యమైతే ఇంటామె తానే మెట్లు దిగి వచ్చి తీస్తుంది, కొంచెం కోప్పడుతుంది. కిటికీ గల్లీ వైపు, కనుక చదువుకునేవారికి పగలు కష్టం, రాత్రి పదకొండు తరువాత ఫరవాలేదు. అమ్మాయి రెండేళ్లు అక్కడే ఉన్నది.