వాయిదా వేసిన రాయి ఎప్పుడు ఎమర్జెన్సీ అవుతుంది?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. హైదరాబాద్‌లో గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కొవిడ్‌కే కేటాయించారు. అదే కాలంలో మూత్ర సమస్యలతో ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు తగ్గిపోయారని ఇటలీ సహా పలు దేశాల ఆసుపత్రులు నివేదించాయి. గ్రాఫ్ గీస్తే గీత కిందికి దిగుతుంది. డేటా అనలిస్టు ఇంటర్వ్యూలో అది చూపించి ‘ఏం అర్థమైంది?’ అని అడిగితే ‘జబ్బులు తగ్గాయి’ అని మాత్రం చెప్పకండి.

వైరస్‌కు భయపడి కిడ్నీలో రాళ్లు కరిగిపోవు కదా! పైగా మనకు లాక్‌డౌన్ పడింది ఎండాకాలంలో. ఒంట్లో నీరు తగ్గి రాళ్ల బాధ పెరిగే కాలమది. తగ్గింది ఆసుపత్రి గడప తొక్కేవాళ్లే. బస్సుల్లేవు, వెళ్తే కరోనా అంటుకుంటుందేమోనన్న భయం, దాంతో మెడికల్ షాపు నుంచి నొప్పి మాత్ర తెచ్చుకుని సర్దుకోవడం. నొప్పి తగ్గినంత మాత్రాన రాయి పోయినట్టు కాదు. అడ్డం పడిన రాయి వెనక మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బుతుంది. దానికి ఇన్ఫెక్షన్ తోడైతే విషం రక్తంలోకి పాకి ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు లోపల స్టెంటో, వీపు వైపు నుంచి పైపో వేసి మూత్రాన్ని వెంటనే బయటికి తీయాల్సిందే.

అలాంటప్పుడు ఎవరిని ముందు చూడాలి? యూరప్ యూరాలజీ సంఘం 2020లోనే కేసులను నాలుగు వర్గాలు చేసింది. ఆరు నెలలు ఆగినా నష్టం పెద్దగా లేనివి, మూడు నాలుగు నెలలు ఆగగలిగేవి, ఆరు వారాలు దాటకూడనివి, 24 గంటలు కూడా ఆగలేనివి. ఐటీ కంపెనీలో టికెట్లకు పీ1, పీ2 అని పెట్టుకుంటాం చూడండి, అచ్చం అలాగే. పద్ధతి మంచిదే. చిక్కల్లా ఏంటంటే, టికెట్ మీద రాసిన అంకె మారదు, రోగి పరిస్థితి మారిపోతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ‘స్టార్వేషన్’, ‘ఏజింగ్’ చదివే ఉంటారు. తక్కువ ప్రాధాన్యం ఉన్న ప్రాసెస్ ఎప్పటికీ వంతు రాక మాడిపోకుండా, ఆగిన కొద్దీ దాని ప్రాధాన్యం పెంచుతూ పోతాం. (పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, ఇక్కడ ఒక కిడ్నీ!) స్టెంట్ సంగతే తీసుకోండి. సాధారణంగా కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు తీసేయాలి. వేసిన రోజు అది ఏ తొందరా లేని కేసు. తీయడం వాయిదా పడి నెలలు గడిస్తే స్టెంట్ చుట్టూ రాయి పేరుకుంటుంది. పది నిమిషాల్లో అయ్యే పని పెద్ద ఆపరేషన్ అవుతుంది. ఒక్కోసారి కిడ్నీయే దెబ్బతింటుంది. దాన్ని గుర్తుపెట్టుకునే బాధ్యత రోగి చేతిలోని డిశ్చార్జి కాగితం మీదే వదిలేస్తే మహమ్మారి రోజుల్లో అది నిలబడదు.

లాక్‌డౌన్ మొదలైన రోజే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఏప్రిల్‌లో ఈ-సంజీవని ఓపీడీ వచ్చింది. ఎవరు ఇంట్లో ఉండొచ్చో, ఎవరు వెంటనే బయల్దేరాలో చెప్పడానికి ఇవి పనికొస్తాయి. మూత్రం బిగుసుకుపోయిన పెద్దాయనకు ఫోన్‌లో పైపు వేయలేరు. వృషణం మెలితిరిగితే ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే దాన్ని కాపాడుకునే అవకాశం బాగా ఉంటుంది. ఇది ఎక్కువగా వచ్చేది టీనేజీ కుర్రాళ్లకే. సిగ్గుపడి హాస్టల్ గదిలోనే ఓర్చుకునేవాళ్లకు ఏ యాప్ ఉన్నా లాభం లేదు.

హెల్త్‌టెక్‌లో ఉద్యోగం అనగానే చాలామంది ఏఐతో స్కాన్లు చదవడం అనుకుంటారు. నన్నడిగితే అంతకంటే ముందు కావాల్సింది ‘ఈ స్టెంట్‌కు 80 రోజులైంది, పిలవండి’ అని చెప్పే మామూలు సాఫ్ట్‌వేర్. 2021 సెప్టెంబరులో దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో 14 అంకెల ఆభా నంబరు ఉంది, రికార్డుల మార్పిడికి ఫైర్ అనే ప్రమాణం ఉంది. రోగి ఒక ఆసుపత్రిలో స్టెంట్ వేయించుకుని, అది మూతపడితే మరోచోటికి వెళ్లినా తేదీ వెంట వెళ్లేలా చేయొచ్చు. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇంకో చాట్‌బాట్ చేసే బదులు ఈ క్యూను కట్టి చూడండి. ముందు మీ ఊరి దగ్గర్లోని యూరాలజీ ఓపీలో ఒక పూట కూర్చుని, ఫాలోఅప్ తేదీలు ఏ పుస్తకంలో రాస్తున్నారో చూసిరండి.