పంజరము కొనుటకు ముందు

పక్షిని పెంచగోరు విద్యార్థి ముందుగా తన దినచర్యను పరీక్షించుకొనవలెను. పలువురికి తొలుత తోచునది రామచిలుక. కాని మనదేశపు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, పంజరమున నుంచుటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధములు. అంగడిలో దొరకు ఆస్ట్రేలియా జాతి బడ్జీ చిలుకలు గుంపుగా బ్రదుకునవి. పగలంతయు బడిలో నుండువారు వానిని జంటగానే పెంచవలెను. అవి అయిదు మొదలు పది సంవత్సరములు జీవింపగలవు. ఎనిమిదవ తరగతిలో కొన్న బాలుడు కళాశాలకు బోయిన పిమ్మట పంజరమును శుభ్రపరచువారెవరు? తల్లియే గదా! పెరడు గలవారికి కోళ్లు తగును. తీరిక లేనివారు నీడపట్టున మూకుడుతో నీళ్లుంచి, దినదినము మార్చిన చాలును. పిచ్చుకలు తామే వచ్చును. కావున బాలబాలికలారా! మీ ముచ్చట యొకరికి బరువును, వేరొక ప్రాణికి చెరయును గాకుండ జూచుకొనుడు.