పాత పడవ కొనే ముందు రూపాయి బిళ్ల పరీక్ష

పోయిన నెల ఇంటి మోటారు పంపు గురించి రాశాక చాలామంది దారిలో ఆపి మరీ మాట్లాడారు. సంతోషం. ఈసారి ఎర్నావూరు నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. "అన్నా, వచ్చే మార్చికి రిటైర్ అవుతున్నా. గ్రాట్యుటీలో కొంత తీసి, పులికాట్ వైపు వేట చేసే మా బావమరిదితో కలిసి పాత ఫైబర్ పడవ, దానికో ఔట్‌బోర్డ్ మోటారు కొందామనుకుంటున్నాం. కొత్తది కొనే తాహతు లేదు. పాతది కొంటే మోసపోతామా?" అని అడిగాడు.

తమ్ముడూ, మోసపోకుండా కొనొచ్చు. ఎట్లా మోసపోతారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను పోయాను కాబట్టి. మిల్లు మూతపడి సెటిల్మెంటు డబ్బు చేతికొచ్చినప్పుడు నేనూ మా బావమరిదీ కలిసి ఒక పడవ కొన్నాం. నీలం రంగు, కొత్త పెయింటు, నిగనిగలాడుతోంది. మిల్లులో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసినవాణ్ణి, బేరింగ్ శబ్దం వింటే చాలు జబ్బు చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం పెయింటు చూసి మురిసిపోయాను. మూడో నెల ముఖద్వారం దాటగానే ఇంజిన్ బిగించిన వెనక పలక 'ఫట్'మని చీలింది. మోటారు సముద్రంలోకి ఒరిగిపోతుంటే బావమరిది రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. పక్క పడవవాళ్లు తాడేసి లాక్కొచ్చారు గనక బతికి బయటపడ్డాం. రిపేరు కోసం మా ఇంటిది మెడలో గొలుసు తీసిచ్చింది. అది తాకట్టు కొట్టు నుంచి తిరిగి రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ గొలుసు మీద ఒట్టేసి ఇదంతా రాస్తున్నాను.

మొదట ఆఫీసుకు, తర్వాత పడవ దగ్గరికి

పాతది చూడబోయే ముందు మీ బావమరిదిని ఒకసారి ఫిషరీస్ ఆఫీసుకు పంపు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులు పాత పడవ మార్చుకోవడానికి రాయితీ పెట్టారు. జనరల్ వాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం. వేట చేసేది ఆయన కాబట్టి అడిగే హక్కు ఆయనది. ఇప్పుడు ఏ పథకం నడుస్తోందో కనుక్కున్నాకే పాతదాని బేరానికి కూర్చోండి.

అదే ఆఫీసులో అమ్మేవాడి పడవ రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీదుందో చూడండి. పడవ మీద రాసిన నంబరు, కాయితంలోని నంబరు ఒకటేనా? ఇంజిన్ మీద కొట్టిన సీరియల్ నంబరు బిల్లుతో కలుస్తోందా? రాయితీలో తీసుకున్న ఇంజిన్ అయితే, అమ్మడానికి ఏమైనా షరతు ఉందేమో అడగండి. ఇంకో మాట. వేట దగ్గర ఊరి కట్టుబాటు ఉంటుంది. పులికాట్ సరస్సులో ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వెయ్యాలో చెప్పే 'పాడు' పద్ధతి మీ బావమరిదికి నాకంటే బాగా తెలుసు. ఎన్నూరు కుప్పాల్లోనూ పెద్దల మాట ఉంటుంది. డబ్బు కట్టకముందే వాళ్లతో మాట్లాడండి. పడవ కొని ఒడ్డున కూర్చుంటే ఏం లాభం?

ఒళ్లంతా తట్టి చూడాలి

పడవను పొద్దున పూట, ఎండలో, ఇసుక మీద ఎత్తి పెట్టించి చూడండి. నీళ్లలో తేలుతుండగా చూసి బేరం కుదుర్చుకోవద్దు. కొత్తగా పెయింటు వేసి ఉంటే "ఎందుకు వేశావు, కింద ఏముంది?" అని మొహం మీదే అడగండి.

రూపాయి బిళ్ల ఒకటి తీసుకుని జానెడు జానెడుకీ తట్టుకుంటూ పోండి. గట్టి ఫైబర్ 'టంగ్'మంటుంది. లోపల పొరలు విడిపోయినా, నీరు దిగినా 'డొబ్'మని మొద్దుగా వినిపిస్తుంది. అట్లాంటి చోట సుద్దముక్కతో గీత గీయండి. అంతా అయ్యాక దూరంగా నిలబడి చూస్తే జబ్బు ఎంత మేర ఉందో కంటికే తెలుస్తుంది. అరచేతి మేర ఒకటి రెండు చోట్లయితే రిపేరుకు లొంగుతుంది. అడుగంతా సుద్దగీతలే అయితే దండం పెట్టి వచ్చెయ్యండి.

పైపూతలో సాలెగూడులాంటి సన్న చీలికలకు భయపడక్కర్లేదు. చీలికలో ఫైబర్ పోగులు కనబడితే మాత్రం అది లోతైన దెబ్బ. 2004 సునామీ తర్వాత మన తీరంలో హడావుడిగా చాలా ఫైబర్ పడవలు కట్టారు. వాటిలో గట్టివీ ఉన్నాయి, పొరలు తక్కువ వేసి ముగించినవీ ఉన్నాయి. వయసు అడగండి, కానీ వయసు కంటే బిళ్ల శబ్దాన్నే నమ్మండి.

ఇప్పుడు నన్ను ముంచిన ఆ వెనక పలక. ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగి ఆ చెక్క లోపలే కుళ్లిపోతుంది, పైకి ఏమీ కనబడదు. మోటారును పైకి వంచి, దాని కాలు పట్టుకుని గట్టిగా కిందికి నొక్కమనండి. మీరు పలక మీద కన్నేసి ఉంచండి. పలక ఊగినా, బోల్టుల దగ్గర గోధుమరంగు నీరు చెమర్చినా చెక్క పోయినట్టే. చివరిగా ఒక ప్రశ్న: ఈ పడవను ఒడ్డుకు లాగడానికి ముందు ఎంతమంది పట్టేవాళ్లు, ఇప్పుడు ఎంతమంది? మనుషులు ఎక్కువ కావాల్సి వస్తుంటే తేలడానికి పెట్టిన ఫోమ్ నీరు తాగి బరువెక్కిందని అర్థం.

మోటారు చల్లగా ఉండాలి

"నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని ముందే చెప్పండి. వెళ్లగానే మోటారు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే బతిమాలి లేపారన్నమాట. చల్లటి మోటారు నాలుగైదు లాగుళ్లలో అందుకోవాలి. అందుకున్నాక పక్కనుంచి సన్నటి నీళ్లధార చిమ్మాలి. ధార రాకపోతే వెంటనే ఆపేయాలి, చల్లబరిచే నీరు తిరగడం లేదు.

కింద గేర్ ఆయిల్ స్క్రూ వదులు చేసి రెండు చుక్కలు చూడండి. పాలలాగా తెల్లగా ఉంటే సీలు పోయి నీరు దూరింది. రెండు సిలిండర్ల మోటారైతే కాశిమేడు మెకానిక్‌ను పిలిచి కంప్రెషన్ గేజ్ పెట్టించండి. రెండింటికీ తేడా పదో వంతు దాటకూడదు. మెకానిక్ కూలి దండగ అనుకోకండి, గొలుసు కంటే అది చవక.

బేరం మాట: చేతిలో ఉన్న డబ్బంతా పడవకు పొయ్యకండి. మూడో వంతు రిపేరుకు పక్కన పెట్టి, మిగతాదానితోనే బేరమాడండి.

రిపేరు: తొందర పనికిరాదు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో ఫైబర్ పని ముట్టుకోవద్దు. సంక్రాంతి దాటాక ఎండలో చెయ్యండి. ఎన్నూరు పడవలకు ఇంకో చిక్కు ఉంది. 2017 జనవరి 28న ఇక్కడి రేవు దగ్గర రెండు ఓడలు ఢీకొని నూనె ఒలికింది. 2023 డిసెంబరులో మిచాంగ్ వరదతో కొసస్తలైయారులోకి నూనె వచ్చి పడవలన్నీ నల్లబడ్డాయి. జిడ్డు ఉన్నచోట రెజిన్ అంటుకోదు. గ్రైండర్ పెడితే జిడ్డు ఇంకా లోపలికి పోతుంది. అందుకే ముందు సబ్బునీళ్లు, తర్వాత మంచినీళ్లు, ఆపైన అసిటోన్ గుడ్డ, అప్పుడే గ్రైండర్. తర్వాత కొన్ని రోజులు బాగా ఆరనివ్వాలి.

దెబ్బ చుట్టూ, ఫైబర్ మందానికి పన్నెండు రెట్ల వెడల్పున వాలుగా అరగదీయాలి. 5 మి.మీ. మందానికి 6 సెం.మీ. అన్నమాట. నిటారుగా కోసి అతికిస్తే అతుకు నిలవదు. మ్యాట్ ముక్కలు చిన్నదాని మీద పెద్దది వేస్తూ, గాలి బుడగలు లేకుండా రోలర్‌తో నొక్కాలి. కిలో రెజిన్‌కు కేటలిస్టు 10 నుంచి 20 మి.లీ. మన ఎండకు తక్కువ కొలతే చాలు. ఒక్కసారే బకెట్టు నిండా కలపొద్దు, వేడెక్కి గడ్డకడుతుంది.

ఇది పెద్దక్షరాలతో రాసుకోండి: కోబాల్ట్‌నూ కేటలిస్టునూ నేరుగా ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే కేటలిస్టు. రెండింటికీ వేరే వేరే కొలత గ్లాసులు. కంటికి అద్దాలు, మూతికి మాస్కు, దగ్గర్లో బీడీ వద్దు, పిల్లలు వద్దు. కేటలిస్టు కంట్లో పడితే పావుగంట ఆపకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి.

వెనక పలక మారిస్తే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ మాత్రమే వాడండి. బోల్టు రంధ్రాలను కాస్త పెద్దవి చేసి, రెజిన్‌తో నింపి, గట్టిపడ్డాక మళ్లీ సరైన సైజులో తొలవండి. అప్పుడు నీరు వచ్చినా చెక్కను తాకదు. మా పడవకు ఈ ఒక్క పని ముందే చేసి ఉంటే ఈ కథే లేదు.

రోజూ చేసేవి

ఒడ్డుకు రాగానే డ్రమ్ములో మంచినీళ్లు పోసి మోటారును పది నిమిషాలు తిప్పండి. మన ఏట్లో ఉప్పే కాదు, బూడిద, బురద కూడా ఉన్నాయి. అవి నీళ్లపంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ను నమిలేస్తాయి. దాన్ని ఏడాదికోసారి మార్చేయండి. గేర్ ఆయిల్ నూరు గంటలకో, ఆర్నెల్లకో మార్చండి. టూ-స్ట్రోక్ మోటారుకు ఆయిల్ కొలత కంపెనీ పుస్తకంలో చూడండి. 50కి 1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మి.లీ. బైకు ఆయిల్ కాదు, ఔట్‌బోర్డ్ ఆయిలే పొయ్యాలి. మోటారుకు బిగించిన జింకు ముక్కకు పెయింటు వెయ్యకండి. మోటారు బదులు తాను కరిగిపోవడమే దాని పని.

మోటారుకు పడవతో కలిపి ఒక గట్టి తాడు కట్టండి. ఎంతమంది ఎక్కితే అన్ని లైఫ్ జాకెట్లు. ఫోను ప్లాస్టిక్ కవరులో, అందులో కోస్ట్ గార్డ్ నంబరు 1554.

వదినలకు ఒక మాట. పడవ చూడటానికి మీరూ వెళ్లండి. మగవాళ్లు పెయింటు చూసి మురిసిపోతారు. కుండ కొనేటప్పుడు తట్టి చూసే చెయ్యి మీది. ఆ రూపాయి బిళ్ల మీ చేతిలో ఉంటేనే మంచిది. నా మాట నమ్మకపోతే మా ఇంటిదాన్ని అడగండి.

తమ్ముడూ, పడవ చూసొచ్చాక ఎన్ని సుద్దగీతలు పడ్డాయో ఉత్తరం రాయి. బేరం వద్దనుకుని తిరిగొచ్చినా సిగ్గుపడకు. ముప్పై ఏళ్ల కష్టం నీ జేబులోనే ఉంటుంది. వచ్చే నెల వానల ముందు ఇంటి కప్పు కారడం గురించి మాట్లాడుకుందాం.